పొలంలో పక్షులను గమనించడం, ఫోటోలు తీయడం: తిరుపతి, చిత్తూరు జిల్లాల రైతులకు సూచనలు

వేరుశనగ చేలో గోరింకలు వాలితే విత్తనం తింటున్నాయని తోలేస్తాం. మామిడి తోపులో కాయ కింద పడి ఉంటే చిలకల పని అంటాం. టమాటా మీద గాటు కనిపిస్తే నెమలి అంటాం. చాలాసార్లు ఇది నిజమే, కొన్నిసార్లు కాదు. నష్టం చేసింది ఒకటైతే మనం తోలేది మరొకదాన్ని. పురుగును ఏరుకు తినే పక్షిని తరిమేసి, ఆ పురుగు కోసం మళ్లీ మందు కొట్టే పరిస్థితి కూడా వస్తుంది. ఏ పక్షి ఏం చేస్తోందో తెలియాలంటే పది నిమిషాలు కదలకుండా కూర్చుని చూడాలి, వీలైతే ఒక ఫోటో తీసుకోవాలి. దీనికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. చేతిలో ఉన్న ఫోన్, ఒక నోట్‌బుక్ చాలు.

ఏ సమయంలో, ఎలా చూడాలి

పక్షులు తెల్లవారిన తర్వాత రెండు గంటలు, పొద్దు వాలే ముందు రెండు గంటలు ఎక్కువగా మేస్తాయి. నడి మధ్యాహ్నం నీడకు చేరతాయి. కాబట్టి ఉదయం 6 నుంచి 8 గంటల మధ్య చూడటం మంచిది. నీళ్లు కట్టడానికి, గడ్డి కోయడానికి ఎలాగూ ఆ వేళకు చేనుకు వెళతారు. అందులోంచి 15 నిమిషాలు దీనికి కేటాయించండి.

• వారానికి కనీసం రెండు రోజులు, ఒకే చోటు నుంచి, ఒకే సమయంలో చూడండి. అప్పుడే ఈ వారానికి, పోయిన వారానికి తేడా తెలుస్తుంది.
• గట్టు మీద నిలబడకుండా చెట్టు మొదట్లో గానీ, మోటారు గది నీడలో గానీ కూర్చోండి. నిలబడిన మనిషిని చూస్తే పక్షి దూరంగా వెళుతుంది. కూర్చుని కదలకుండా ఉంటే కాసేపటికి తిరిగి వస్తుంది.
• తెల్ల చొక్కా, ముదురు ఎరుపు చొక్కా వద్దు. మట్టి రంగు, ఆకుపచ్చ, బూడిద రంగు బట్టలు మంచివి.
• ట్రాక్టర్, ఎద్దుల బండి, పశువులకు పక్షులు అలవాటు పడి ఉంటాయి. దున్నేటప్పుడు ట్రాక్టర్ మీద నుంచే కొంగలను, గోరింకలను చాలా దగ్గరగా చూడవచ్చు.
• పక్షి పేరు తెలియకపోయినా ఫరవాలేదు. దాని ముక్కులో ఏముందో చూడండి. గింజా, కాయా, పురుగా, ఎలుకా అన్నదే రైతుకు కావలసిన సమాచారం.

నోట్‌బుక్‌లో ఆరు విషయాలు రాసుకుంటే చాలు: తేదీ, సమయం, పైరు దశ (విత్తి ఎన్ని రోజులు), పక్షి రకం, సుమారు సంఖ్య, ఏం చేస్తోంది. ఉదాహరణకు "విత్తి 35 రోజులు, పసులపోలిగాళ్లు నాలుగు, కర్ర మీద నుంచి ఎగిరి పురుగులు పడుతున్నాయి" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. పేరు తెలియకపోతే పరిమాణం (పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా), రంగు, ముక్కు ఆకారం, తోక పొడవు రాసుకోండి.

మేలు చేసే పక్షులు

పసులపోలిగాడు (ఏట్రింత): నల్లగా, తోక చివర చీలి ఉంటుంది. పశువుల వీపు మీద, కరెంటు తీగల మీద కూర్చుంటుంది. ఎగిరే రెక్కల పురుగులను, ఆకు మీది లద్దె పురుగులను పట్టుకుంటుంది. గింజ ముట్టదు. కాకిని, గద్దను కూడా తన గూటి దగ్గర నుంచి తరిమేస్తుంది. అందుకే చిన్న పక్షులు దాని గూటికి దగ్గరలో గూడు కట్టుకుంటాయి.

పశువుల వెంట తిరిగే కొంగలు: మేసే పశువుల కాళ్ల దగ్గర, నాగలి వెనుక తిరుగుతాయి. మిడతలు, మట్టిలోంచి బయటపడిన పురుగులు, గూడు పురుగు దశలో ఉన్న కోశాలు తింటాయి. వేసవి దుక్కి పగటి పూట చేస్తే మట్టిలోని ఎర్ర గొంగళి పురుగు కోశాలు వీటికి, కాకులకు, గోరింకలకు దొరుకుతాయి.

పాలపిట్ట: ఎగిరినప్పుడు రెక్కల్లో నీలం మెరుస్తుంది. మిడతలు, పేడ పురుగులు, చిన్న ఎలుకలు దీని ఆహారం. 2018 వరకు మన రాష్ట్ర పక్షి ఇదే. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది.

కూకుడుగువ్వ: తల మీద విసనకర్రలా విచ్చుకునే కుచ్చు, పొడవైన వంపు ముక్కు ఉంటాయి. నేలలో ముక్కు గుచ్చి వేరు పురుగులను, కోశాలను బయటకు లాగుతుంది. విత్తనం తవ్వుతోందని పొరపడవద్దు.

గుడ్లగూబలు: పాత గోడల్లో, తాటి చెట్లలో, చెట్టు తొర్రల్లో ఉంటాయి. ఎలుకలు వీటి ముఖ్య ఆహారం. గుడ్లగూబ కూర్చునే చోట కింద నేల మీద బూడిద రంగు ఉండలు పడి ఉంటాయి. ఒకదాన్ని పుల్లతో విప్పి చూస్తే ఎలుక వెంట్రుకలు, ఎముకలు, పుర్రెలు కనిపిస్తాయి. అపశకునమని దీన్ని కొట్టే అలవాటు మానుకోవాలి.

నత్తగుల్ల కొంగ: ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. వరి కయ్యల్లో నత్తలను ఏరి తింటుంది.

నష్టం చేసే పక్షులు, గుర్తులు

వేరుశనగ: విత్తిన రోజు నుంచి మొలక నిలదొక్కుకునే వరకు సుమారు 10 నుంచి 12 రోజులు కాకులు, నెమళ్లు సాలు వెంట విత్తనం తవ్వుతాయి. మళ్లీ కాయ ఊరే దశలో, పీకి కుప్ప వేసినప్పుడు వస్తాయి. మధ్యలో ఉన్న రోజుల్లో చేలో కనిపించే గోరింకలు, కొంగలు ఎక్కువగా పురుగుల కోసమే వస్తాయి. అడవి పంది అయితే నేల ముట్టెతో దున్నినట్టు వరుసగా లేచి ఉంటుంది, గిట్టల గుర్తులు రెండుగా చీలి ఉంటాయి. నెమలి అడుగు మూడు వేళ్లతో ముందుకు ఉంటుంది.

వరి: పాలు పోసుకునే దశలో గిజిగాళ్లు, పిచ్చుకలు, గుంపుగా వాలే చిన్న గోధుమ రంగు జీనువాయి పిట్టలు గింజను నొక్కి పాలు పీలుస్తాయి. గట్టు పక్క వరుసల్లోనే నష్టం ఎక్కువ. ఎలుక అయితే దుబ్బును అడుగున ఏటవాలుగా కొరికి ఉంటుంది.

మొక్కజొన్న, పొద్దుతిరుగుడు: చిలుకలు, కాకులు. కంకి పై కొన నుంచి పొట్టు చీల్చి ఉంటుంది.

మామిడి: చిలుకలు పగలు వస్తాయి. కాయను సగం కొరికి వదిలేసి ఇంకోదానికి వెళతాయి. గబ్బిలాలు రాత్రి వస్తాయి. పండును వేరే చెట్టుకు తీసుకెళ్లి రసం పీల్చి, పిప్పిని ఉండగా ఉమ్మేస్తాయి. తెల్లారి చెట్టు కింద పిప్పి ఉండలు ఉంటే చిలకను నిందించకండి.

టమాటా: పక్షి పొడిస్తే గాటు పెద్దగా, అంచు చిరిగినట్టు ఉంటుంది, లోపల పురుగు గానీ విసర్జన గానీ ఉండదు. శనగపచ్చ పురుగు అయితే గుండ్రని రంధ్రం, దాని చుట్టూ విసర్జన కనిపిస్తాయి. రెండింటికీ చేయాల్సిన పని వేరు. ముందుగా ఫోటో తీసి, తేల్చుకుని, తర్వాతే మందు గురించి ఆలోచించండి.

ఫోన్‌తో ఫోటో తీసే పద్ధతి

1. లెన్స్‌ను మెత్తని గుడ్డతో తుడవండి. చేలో పని చేసిన ఫోన్‌కు చెమట, దుమ్ము అంటుకుని ఉంటాయి. మసక ఫోటోలకు ఎక్కువసార్లు ఇదే కారణం.
2. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. ఎదురెండలో తీస్తే పక్షి నల్ల బొమ్మలా వస్తుంది.
3. వేళ్లతో సాగదీసి జూమ్ చేయడం తగ్గించండి. రెండు, మూడు రెట్లు దాటితే చిత్రం చెదిరిపోతుంది. మామూలుగా తీసి, తర్వాత కత్తిరించుకోవడం మేలు.
4. చేయి వణకకుండా ఫోన్‌ను గట్టు మీద, బండి సీటు మీద, పార కర్ర మీద ఆనించండి.
5. కదిలే పక్షికి ఫోటో కంటే వీడియో మంచిది. అర నిమిషం వీడియో తీసి, ముక్కులో ఏముందో ఆపి చూసుకోవచ్చు.
6. మీ దగ్గర గానీ, తెలిసిన వారి దగ్గర గానీ బైనాక్యులర్ ఉంటే దాని ఒక కంటి గొట్టానికి ఫోన్ లెన్స్ ఆనించి తీయవచ్చు. కొంచెం సాధన కావాలి, కానీ దూరపు పక్షి బాగా కనిపిస్తుంది. కొనదలిస్తే 8x42 అని రాసి ఉన్నది చేలకు, చెరువులకు సరిపోతుంది.
7. ఒక్కో సంఘటనకు మూడు ఫోటోలు తీయండి: పక్షి, పక్షి ఉన్న చోటు (పైరు దశ తెలిసేలా), నష్టం లేదా పురుగు దగ్గరి నుంచి. కాయ పక్కన ఒక నాణెం పెడితే గాటు పరిమాణం తెలుస్తుంది.
8. ఫోన్‌లో తేదీ, సమయం సరిగా ఉన్నాయో చూసుకోండి. రైతు సేవా కేంద్రంలో చూపించినప్పుడు గానీ, అటవీ శాఖకు పంట నష్టం గురించి అర్జీ ఇచ్చినప్పుడు గానీ తేదీ, స్థలం ఉన్న ఫోటో మీ మాటకు బలం ఇస్తుంది.

పేరు తెలుసుకోవడానికి మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోటో చూపినా, కూత వినిపించినా సాధ్యమైన పేర్లు చెబుతుంది. ఊర్లో ఒకసారి సమాచారం దించుకుంటే చేలో సిగ్నల్ లేకపోయినా పని చేస్తుంది. అది చెప్పింది ప్రతిసారీ నిజం కాకపోవచ్చు, మీరు కంటితో చూసిన గుర్తులతో సరిచూసుకోండి.

గమనించిన దాన్ని పంటకు ఎలా వాడుకోవాలి

నోట్‌బుక్‌లో నాలుగు వారాల రాతలు ఉంటే నిర్ణయం సులువవుతుంది.

• పసులపోలిగాళ్లు, గోరింకలు పురుగులు ఏరుతున్నాయని తేలితే ఎకరాకు 10 నుంచి 20 చొప్పున పక్షి స్థావరాలు పెట్టండి. పైరు కంటే ఎత్తుగా, పైన అడ్డకర్ర కట్టిన ఎండు కొమ్మలు చాలు. పురుగు ఉధృతి తగ్గుతోందా లేదా అని ప్రతి మూడు నాలుగు రోజులకు మొక్కలు తిరిగేసి చూడండి. గింజ పంటల్లో పాలు పోసుకునే దశకు ముందే ఆ కర్రలు తీసేయాలి. లేకపోతే గింజ తినే పిట్టలకు అవే ఆసరా అవుతాయి.
• ఎలుకల బొరియలు ఉన్న చోట పొడవాటి కర్రలు రాత్రి కోసం ఉంచితే గుడ్లగూబలు వాటి మీద కాపు కాస్తాయి. ఆ చేలో ఎలుకల మందు పెడితే మందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబ కూడా చనిపోవచ్చు. రెండూ ఒకేసారి చేయవద్దు.
• విత్తిన తర్వాత 10, 12 రోజులు, గింజ పాల దశలో రెండు మూడు వారాలు, ఈ రెండు సమయాల్లోనే కాపలా గట్టిగా ఉండాలి. నష్టం ఏ గంటలో ఎక్కువో మీ నోట్‌బుక్ చెబుతుంది. రోజంతా కాకుండా ఆ గంటల్లో మనిషిని పెడితే కూలి ఆదా అవుతుంది.
• ఒక వైపు ఎరుపు, ఒక వైపు వెండి రంగు ఉండే మెరుపు రిబ్బన్లను మెలి తిప్పి, పైరుకు కొద్ది ఎత్తులో కర్రలకు కట్టండి. గాలికి చప్పుడు, ఎండకు మెరుపు వస్తాయి. కొన్నాళ్లకు పక్షులు అలవాటు పడతాయి, అందుకే అవసరమైన దశలోనే కట్టి, తర్వాత విప్పేయండి.
• మొక్కజొన్నలో గట్టు వైపు నాలుగైదు వరుసల కంకులను అదే మొక్క ఆకులతో చుట్టి కప్పితే చిలకకు కంకి కనిపించదు.

చట్టం ఏం చెబుతోంది

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షులను పట్టడం, చంపడం, గుడ్లు తీయడం, గూళ్లు పాడు చేయడం నేరం. ఇంట్లో పంజరంలో రామచిలుకను పెంచడం కూడా ఇందులోకే వస్తుంది. నెమలి 1963 నుంచి జాతీయ పక్షి, చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని చంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు శిక్ష, కనీసం 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. విషం కలిపిన గింజలు చల్లడం, కంచెకు నేరుగా కరెంటు పెట్టడం అసలు చేయకూడదు. ఒక ఎకరం టమాటాను కాపాడుకోబోయి కేసులో ఇరుక్కుంటే కోర్టు ఖర్చుకు ఆ పంట సరిపోదు. విషపు గింజలు ఇంటి కోళ్లను, కుక్కలను కూడా చంపుతాయి. కరెంటు కంచె మనుషుల ప్రాణాలు తీసిన సంఘటనలు మన జిల్లాల్లో అందరికీ తెలిసినవే. నెమళ్ల బెడద భరించలేనంతగా ఉంటే ఫోటోలతో అటవీ శాఖ రేంజ్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి.

ఫోటో తీసేటప్పుడు పాటించాల్సినవి

• గూటి దగ్గరకు వెళ్లవద్దు. తల్లి లేచిపోతే గుడ్లకు, పిల్లలకు ఎండ తగులుతుంది. మన అడుగుజాడ పట్టుకుని కాకి, పాము, కుక్క వస్తాయి.
• గూడు కనిపించాలని కొమ్మలు విరచవద్దు. ఫ్లాష్ వాడవద్దు. ఫోన్‌లో కూత వినిపించి పిలవవద్దు.
• తీతువు పిట్ట బీడు నేలలో, దుక్కిలో నేల మీదే గుడ్లు పెడుతుంది. మీ తల చుట్టూ అరుస్తూ తిరుగుతుంటే గుడ్లు దగ్గరలో ఉన్నట్టే. దున్నేటప్పుడు ఆ చోటు గుర్తుపెట్టుకుని రెండు మీటర్లు వదిలి తిప్పండి. మూడు నాలుగు వారాల్లో పిల్లలు నడిచి వెళ్లిపోతాయి.
• గూడు ఉన్న చోటును వాట్సాప్ గుంపుల్లో పెట్టవద్దు. వేటగాళ్లు కూడా ఆ గుంపుల్లో ఉంటారు.
• చనిపోయిన, నీరసంగా పడి ఉన్న అడవి పక్షులను, నీటి పక్షులను చేతితో ముట్టవద్దు. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలో కోళ్లలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఫోటో తీసి పశువైద్య సిబ్బందికి చెప్పండి. చెరువు గట్టు మీద తిరిగిన చెప్పులతో కోళ్ల దగ్గరకు వెళ్లకండి, ముందు కడుక్కోండి.

రైతులు కాపాడిన పక్షులు: నేలపట్టు

దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువు దీనికి మంచి ఉదాహరణ. ఇది 1976లో పక్షుల అభయారణ్యం అయింది. 2022లో జిల్లాలు మారినప్పుడు పులికాట్ సరస్సుతో పాటు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చెరువు నీటిలో నిలిచి ఉండే కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కొంగలు, నీటికాకులు, చీకటి కొంగలు చలికాలంలో గూళ్లు కట్టి పిల్లలను చేస్తాయి. మేత కోసం పులికాట్‌కు, చుట్టుపక్కల చెరువులకు వెళ్లి వస్తాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు కయ్యలకు పారితే ఎరువు బలం వస్తుందని అక్కడి రైతులు తరతరాలుగా గుర్తించారు. అభయారణ్యం బోర్డు రాకముందు నుంచే ఆ పక్షులను కొట్టనివ్వలేదు.

చూడాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లండి. సూళ్లూరుపేట నుంచి సుమారు 20 కిలోమీటర్లు. అక్కడి నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది, నీరు తగ్గిన చోట్ల ఫ్లెమింగోలు గుంపులుగా కనిపిస్తాయి. అంతరిక్ష కేంద్రం వైపు, భద్రతా చెక్‌పోస్టుల వైపు ఫోన్ ఎత్తవద్దు. శేషాచలం కొండల్లోని శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోకి అటవీ శాఖ అనుమతితోనే వెళ్లాలి. దక్షిణ భారత రాతి కొండల్లో తప్ప మరెక్కడా లేని పసుపు గొంతు పిగిలిపిట్ట ఈ కొండల్లో, హార్సిలీ కొండల్లో ఉంది. కొండ వారన చేను ఉన్న రైతుకు అది గట్టు మీదే కనిపించవచ్చు.

మీ నోట్‌బుక్ విలువ

దేశంలో పక్షుల స్థితిపై 2023లో వచ్చిన నివేదికకు 30 వేల మందికి పైగా సామాన్యులు చూసి నమోదు చేసిన వివరాలే ఆధారం. నెమళ్లు పెరిగాయని, పాలపిట్ట వేగంగా తగ్గిపోతోందని అందులో తేలింది. దసరా రోజు పాలపిట్ట కోసం వెతుక్కునే మనకు ఇది చిన్న విషయం కాదు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా జరిగే పెరటి పక్షుల లెక్కింపులో మీ చేను నుంచే పాల్గొనవచ్చు. 15 నిమిషాలు చూసి, ఈ-బర్డ్ అనే ఉచిత యాప్‌లో నమోదు చేస్తే చాలు. బడికి వెళ్లే పిల్లలకు ఈ పని అప్పగిస్తే వాళ్లు మనకంటే త్వరగా నేర్చుకుంటారు.

ఈ సీజన్‌లో చేయాల్సింది

• ఒక నోట్‌బుక్ మోటారు గదిలో పెట్టుకోండి.
• విత్తిన రోజు నుంచి వారానికి రెండుసార్లు 15 నిమిషాలు చూడండి.
• పక్షిని తోలే ముందు ముక్కులో ఏముందో చూడండి.
• కాయ మీద గాటు కనిపిస్తే ముందు ఫోటో, తర్వాత మందు.
• అనుమానం ఉంటే ఫోటోలతో రైతు సేవా కేంద్రానికి వెళ్లండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి. తెలుగులో సమాధానం చెబుతారు.